మెయిళ్ల తరలింపులో చెరిగిపోయిన తేదీలు, జాడలేని అటాచ్‌మెంట్లు: పాత సర్వరును తుడిచివేయవద్దని ఫిర్యాదు

తేదీ: 2025 అక్టోబరు 6

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
మా సంస్థ ఈ-మెయిల్ తరలింపు, ఆర్కైవు పనుల కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ

విషయం: తరలింపులో పాత మెయిళ్లకు జరిగిన నష్టం, ఈ నెల 31న పాత సర్వరు డిస్కులు తుడిచివేసే పనిని ఆపడం గురించి.
సూచిక: మీ హెల్ప్‌డెస్కులో మేము నమోదు చేయగా మీరు మూడుసార్లు 'పరిష్కారమైంది' అని మూసివేసిన ఫిర్యాదు.

ఆర్యా,

నేను ఈ కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో రికార్డు అధికారిని. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కింద సంస్థ నాకు అప్పగించిన బాధ్యత ఇది. ఆగస్టు 15 నుంచి 17 వరకు వరుసగా వచ్చిన మూడు సెలవుల్లో మీ బృందం మా పాత మెయిళ్లను కొత్త వ్యవస్థలోకి చేర్చింది. సోమవారం మేము ఆఫీసుకు వచ్చేసరికి మెయిళ్లు మామూలుగానే వస్తూ పోతూ ఉన్నాయి. ఒక్క గంట కూడా పని ఆగలేదు. పండగ పూట ఇళ్లు వదిలి, సర్వరు గదిలో రాత్రిళ్లు మేలుకున్న మీ పిల్లల కష్టాన్ని నేను కాదనను. నా ఫిర్యాదు వాళ్ల మీద కాదు. ఆ మర్నాడే మీ కంపెనీ ఇచ్చిన 'నూరు శాతం పూర్తి' అనే నివేదిక మీద.

సెప్టెంబరు 15న ఒక రైతు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టారు. ఉమ్మడి రాష్ట్రంగా ఉన్న రోజుల్లో మా రైల్వే సైడింగు (సంస్థ సరుకు కోసం వేసే పక్క పట్టాలు) కోసం ఆయన పొలంలో 1 ఎకరం 70 సెంట్లు తీసుకున్నారు. పరిహారాన్ని ఖరారు చేసే ఉత్తర్వు, అంటే అవార్డు కాగితం మీద 2013 డిసెంబరు 30 అని తేదీ ఉంది. అది సంక్రాంతి వెళ్లాక రాసి వెనక తేదీ వేసినదని ఆయన వాదన. వినడానికి తేడా రెండు మూడు వారాలే. కానీ ఆ మధ్యలో 2014 జనవరి 1 ఉంది. కొత్త భూసేకరణ చట్టం అమల్లోకి వచ్చింది ఆ రోజునే. అప్పటికి అవార్డు కాకపోతే పరిహారాన్ని కొత్త చట్టం ప్రకారమే కట్టాలని దాని 24వ సెక్షన్ చెబుతోంది. సొలేషియం, అంటే భూమిని బలవంతంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే మొత్తం, 1894 నాటి పాత భూసేకరణ చట్టంలో 30 శాతం, కొత్త చట్టంలో 100 శాతం. పైగా పల్లెల్లో భూమి విలువను 2 రెట్ల దాకా పెంచి లెక్కగట్టే వీలు కొత్త చట్టంలో ఉంది. ఆ కుటుంబానికి ఇది చిన్న తేడా కాదు.

అవార్డు స్కాన్ ప్రతిని రెవెన్యూ కార్యాలయం అప్పట్లో మాకు మెయిల్‌లో పంపింది. అది మా సర్వరుకు ఏ రోజు ఏ గంటకు చేరిందో చూస్తే చాలు. డిసెంబరు 30నే చేరి ఉంటే ఆయన వాదన నిలవదు. సంక్రాంతి తర్వాత చేరి ఉంటే ఆయన అనుమానానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఏది తేలినా నాకు సమ్మతమే, కానీ నిజం తేలాలి.

ఆ మెయిల్ అందుకున్నది మా భూముల విభాగం మేనేజరు. ఆయన రిటైరై ఏళ్లయింది. కొత్త వ్యవస్థలో ఆయన మెయిల్‌బాక్సే లేదు. వాడుకలో లేని ఖాతాలను తరలింపు జాబితాలో చేర్చలేదని మీవాళ్లు చెప్పారు. మనిషి ఉద్యోగం ముగిసినంత మాత్రాన ఆయన రాసిన, అందుకున్న ఉత్తరాల పని ముగియదు. ప్రభుత్వ రంగ సంస్థలో పాత వ్యవహారాలన్నీ దాదాపు రిటైరైనవాళ్ల ఉత్తరాల్లోనే ఉంటాయి.

అదే మెయిల్ ప్రతి అకౌంట్స్ విభాగం పెట్టెలో దొరికింది. తెరిచాను. విషయం ఉంది, పైన రెండు వాక్యాలు ఉన్నాయి, పక్కన అటాచ్‌మెంటు గుర్తు ఉంది. ఆ గుర్తు నొక్కితే 'ఫైలు లభ్యం కాలేదు' అన్న తెల్లని పేజీ వచ్చింది. అందిన తేదీ దగ్గర 2025 ఆగస్టు 16 అని ఉంది. పన్నెండేళ్ల నాటి ఉత్తరం మొన్న శనివారం వచ్చినట్టు! అదే పెట్టెలో మరో 20 పాత మెయిళ్లు తీసి చూశాను. అన్నిటికీ ఆ మూడు సెలవు రోజుల తేదీలే. వాటిలో 13 మెయిళ్లకు అటాచ్‌మెంట్లు తెరుచుకోలేదు.

ఇలా ఎందుకు జరిగిందో మా సిస్టమ్స్ విభాగంవాళ్లతో కూర్చుని తెలుసుకున్నాను. మా పాత ఏర్పాటులో మెయిల్ సర్వరు పక్కనే ఒక ఆర్కైవు సర్వరు ఉండేది. ఏడాది దాటిన మెయిళ్ల అసలు సరుకును, అటాచ్‌మెంట్లను అది తనలోకి లాక్కుని, మెయిల్‌బాక్సులో పైతొడుగు మాత్రం మిగిల్చేది. నొక్కగానే ఆర్కైవు నుంచి తెచ్చి చూపించేది. మీరు ఆర్కైవు సర్వరు జోలికి వెళ్లకుండా మెయిల్ సర్వరులోని తొడుగులను మాత్రమే కొత్త చోటికి మోశారు. అందుకే మీ నివేదికలో అక్కడి సంఖ్య, ఇక్కడి సంఖ్య సరిగ్గా సరిపోయాయి. బస్తాలు లెక్కపెట్టారు గానీ, వాటిలో ధాన్యం ఉందా పొల్లు ఉందా అని ఒక్కటీ విప్పి చూడలేదు.

తేదీల గురించి మీ హెల్ప్‌డెస్కు ఇచ్చిన జవాబు నన్ను ఇంకా బాధపెట్టింది. 'పంపిన తేదీ మెయిల్ లోపల ఉంది కదా, అదే చూసుకోండి' అని రాసి ఫిర్యాదు మూసేశారు. ఉత్తరం పైన రాసుకున్న తేదీ వేరు, తపాలా కార్యాలయం కొట్టిన ముద్ర వేరు. పంపిన తేదీని వేసేది పంపినవారి కంప్యూటరు. దాని గడియారాన్ని వారు ఎలాగైనా తిప్పుకోవచ్చు. దారిలో ప్రతి సర్వరూ హెడర్‌లో, అంటే మెయిల్ పైభాగాన ప్రయాణ వివరాలు ఉండే చోట, వేసే 'అందినది' అన్న వరుసలే తపాలా ముద్రలు. వెనక తేదీ వేశారా లేదా అన్నదే ప్రశ్న అయినప్పుడు పంపినవారి తేదీ దేనికి పనికొస్తుంది? మీ తరలింపు సాధనం తీసేసింది సరిగ్గా ఆ ముద్రల్నే.

ఇది మీ దయమీద జరగవలసిన పని కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 7వ సెక్షన్ ప్రకారం భద్రపరిచిన ఎలక్ట్రానిక్ రికార్డు తర్వాత చూసుకోవడానికి వీలుగా ఉండాలి, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో, ఏ తేదీన ఏ సమయానికి పంపారో లేదా అందిందో తెలిపే వివరాలు అందులో ఉండాలి. సమాచారం అంటే ఏమిటో చెప్పే చోటే సమాచార హక్కు చట్టం ఈ-మెయిళ్లను పేరుపెట్టి చేర్చింది. ఆ రైతు దరఖాస్తుకు జవాబివ్వవలసిన 30 రోజుల గడువు ఈ నెల 15తో ముగుస్తుంది. ఆలస్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా పడేది మా పౌర సమాచార అధికారి మీద, మీ మీద కాదు. రేపు ఆ రైతు కోర్టుకు వెళ్తే, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద హ్యాష్ విలువతో (ఒక్క అక్షరం మారినా మారిపోయే, ఫైలు వేలిముద్ర లాంటి సంకేతంతో) సహా ధ్రువపత్రం ఇవ్వమంటారు. ఇప్పుడున్న ఈ మెయిల్‌ను చూపి 'ఇదే అసలు' అని నేను సంతకం పెట్టలేను.

తెలుగులో పేర్లు పెట్టుకున్న ఫోల్డర్లు కూడా పాడయ్యాయి. 'భూసేకరణ', 'కోర్టు కేసులు' అని ఉండవలసిన చోట అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల గొలుసులు కనిపిస్తున్నాయి. ఇది సులువుగా సరిచేయగలిగిందే, ముందు దాన్నయినా చేయండి.

అన్నిటికంటే తొందర పని డిస్కుల సంగతి. కాంట్రాక్టు ప్రకారం ఈ నెల 31న పాత సర్వరునూ ఆర్కైవు సర్వరునూ తుడిచివేసి తీసుకువెళతామని మీ ఉత్తరం వచ్చింది. తొడుగుల్లోంచి పోయిన సరుకు, రిటైరైనవాళ్ల పెట్టెలు, ఆ తపాలా ముద్రలు ఇప్పుడు ఈ భూమ్మీద ఆ డిస్కుల్లో తప్ప ఎక్కడా లేవు. పద్ధతి ప్రకారం కాకుండా పబ్లిక్ రికార్డులను నాశనం చేస్తే 5 సంవత్సరాల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ అని పబ్లిక్ రికార్డుల చట్టం చెబుతోంది. నా రాతపూర్వక అనుమతి లేకుండా ఆ యంత్రాలను ఎవరూ ముట్టుకోకూడదని మా భద్రతా విభాగానికి ఈ రోజే లేఖ ఇచ్చాను.

మీరు ఆర్కైవు సర్వరుతో కలిపి తరలింపు మళ్లీ చేయాలి, ఖాతా ఉన్నా లేకపోయినా ప్రతి మెయిల్‌బాక్సునూ తేవాలి, హెడర్లను ఒక్క అక్షరం మార్చకుండా ఉంచాలి. ఈసారి సంఖ్య కాదు, ప్రతి మెయిల్‌కూ పాత చోటా కొత్త చోటా హ్యాష్ విలువ సరిపోయిందని చూపే పట్టిక ఇవ్వాలి. రాలేకపోయినవి ఏవైనా ఉంటే వాటి జాబితా విడిగా, దాచకుండా ఇవ్వాలి. అంతవరకు మీ ఆఖరి బిల్లుకు పని పూర్తయిన ధ్రువీకరణ మా వైపు నుంచి రాదు.

ఆ రైతు పోయిన గురువారం సెలవని తెలియక వచ్చి, గేటు దగ్గరే కూర్చుని వెళ్లారట. శుక్రవారం మళ్లీ వచ్చారు. ప్లాస్టిక్ కవరులో పాసుపుస్తకం, నోటీసులు, అంచులు నలిగిన అవార్డు జిరాక్సు. 'ఉత్తరం దొరికిందా అండీ?' అని అడిగారు. దొరికింది అనలేకపోయాను, పోయింది అనడానికి మనసు రాలేదు. వచ్చే సోమవారం రమ్మన్నాను.

సోమవారం అంటే అక్టోబరు 13. అంతకుముందే ఆ ఒక్క మెయిల్‌నైనా పాత సర్వరు నుంచి హెడర్‌తో సహా బయటకు తీయాలి. ఎల్లుండి బుధవారం ఉదయం 10 గంటలకు సర్వరు గది తాళాలతో నేను అక్కడ ఉంటాను. ఆర్కైవు సర్వరు తెలిసిన ఇంజినీరును పంపండి.

భవదీయుడు,
రికార్డు అధికారి

ప్రతి: పౌర సమాచార అధికారి, సిస్టమ్స్ విభాగాధిపతి, భద్రతా విభాగం