ఈసీజీ కాగితం తీసుకురా

దేవరకొండ,
సోమవారం రాత్రి

చిన్నోడా,

ఇక్కడ అందరం బాగున్నాం. బత్తాయి చెట్లకు నీళ్ళు పెట్టడం నిన్నటితో అయిపోయింది. రెండో బోరు కొంచెం తగ్గింది గానీ ఈ కాపుకు భయం లేదు. లచ్చక్క వచ్చి రెండు రోజులుండి పోయింది. ఫోన్ చేస్తే "బాగున్న నాయనా, మీటింగ్‌ల ఉన్న" అని పెట్టేస్తున్నావు, అందుకే రాస్తున్నా. నీ గొంతు సరిగ్గా విని పదకొండు రోజులైంది.

శుక్రవారం బస్టాండు దగ్గర ముత్యాలు భార్య కలిసింది. "మీ చిన్నోనికి ఇప్పుడెట్లున్నది? రాత్రిపూట ఈసీజీ తీయించిండ్రట గదా" అన్నది. నాకు ముందే తెలిసినట్టు తల ఊపి వచ్చేశాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు.

సరే, ఆ సంగతి తర్వాత. వెనకింటి పిల్ల ఈసారి పదో తరగతి. సాయంత్రం వచ్చి కూర్చుంటుంది. నిన్న గుండె పాఠం చెప్పాను. ముప్పై ఏళ్ళు బడిలో చెప్పిన పాఠమే, అయినా నిన్న చెప్తుంటే గొంతు పట్టుకుంది. పిడికిలంత కండ, దాదాపు 300 గ్రాములు. రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది, నిమిషానికి ఐదు లీటర్ల రక్తం తోస్తుంది. దానికి కరెంటు బయటి నుంచి రాదు. కుడి కర్ణికలో, అంటే కుడివైపు పై గదిలో, లయారంభకం అనే చిన్న కణాల ముద్ద ఉంటుంది, అదే తనంతట తానే పుట్టిస్తుంది. ఆ కండ కణాలన్నీ ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి కాబట్టి ఒకటి కదిలితే అన్నీ కలిసి కదులుతాయి. 1880లలో సిడ్నీ రింగర్ అనే డాక్టరు లండన్‌లో కప్ప గుండెను ఉప్పునీళ్ళలో ఉంచి చూశాడు. ఆ ఉప్పును నల్లా నీళ్ళతో కలిపితే గుండె కొట్టుకుంది, స్వేదన జలంతో కలిపితే ఆగిపోయింది. నల్లా నీళ్ళలోని కాల్షియమే తేడా అని అప్పుడు తెలిసింది. ప్రతి దెబ్బకూ ఆ కణాల్లోకి కాల్షియం రావాలి, మళ్ళీ వెనక్కి పోవాలి.

ఆ పిల్ల ఒక ప్రశ్న అడిగింది, "సార్, గుండెకు రెస్ట్ ఎప్పుడు?" అని. ఒక దెబ్బకు 0.8 సెకను పడితే అందులో 0.3 సెకను జఠరికలు, అంటే కింది గదులు, బిగుసుకుంటాయి, 0.5 సెకను వదులవుతాయి. గుండె తన రక్తం తాను ఎక్కువగా ఆ వదులైన సమయంలోనే తీసుకుంటుంది. వేగం పెరిగితే ముందు తగ్గేది ఆ విశ్రాంతే. అది చెప్తుంటే రాత్రి రెండింటి దాకా కంప్యూటర్ ముందు కూర్చొని టీ మీద టీ తాగే నువ్వే కళ్ళ ముందు కనిపించావు. ఆ రాత్రి ఎన్నింటికి పోయావురా ఆస్పత్రికి? ఒక్కడివే పోయావా?

నీకు పెద్దనాయన సంగతి పూర్తిగా తెలియదు. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు, పరీక్షలని దాచిపెట్టాం. కొండమల్లేపల్లిలో పెళ్ళికి పోయి రాత్రి పదింటికి ఇంటికొచ్చాడు. రాంగనే ఛాతీ మీద బండ పెట్టినట్టుంది అన్నాడు. మటన్ తిన్నా, గ్యాస్ అన్నాడు. మీ పెద్దమ్మ సోడాలో నిమ్మకాయ పిండి ఇచ్చింది. చెమటలకు బనీను తడిసిపోతే ఉక్కపోత అనుకున్నారు. ఊళ్ళో వైద్యుణ్ణి పిలిస్తే గ్యాస్ సూది వేసి పోయాడు. నొప్పి కొంచెం తగ్గిందని పడుకున్నాడు. నాకు ఫోన్ వచ్చింది రాత్రి రెండున్నరకు, ఎడమ చెయ్యి గుంజుతోంది, వాంతి అయిందని. నేను పోయేసరికి మంచం పట్టె పట్టుకొని కూర్చున్నాడు, మనిషి బూడిదలా ఉన్నాడు. జీపు దొరకడానికి ఇంకో అరగంట. దారంతా నా భుజం మీద తల పెట్టి "బోరు మోటరు బంద్ చేసినవా" అని మూడుసార్లు అడిగాడు. నల్లగొండ చేరేసరికి తెల్లవారుతోంది. రక్తం గడ్డ కరగడానికి మందు ఎక్కించారు. ప్రాణం దక్కింది. కానీ ఎకో, అంటే గుండె స్కానింగ్, తీసిన డాక్టరు నన్ను బయటికి పిలిచి, గుండె ముందు గోడ కదలడం లేదు, రాత్రి పదింటికే వచ్చుంటే ఈ కండ మిగిలేది అన్నాడు. రక్తం ఆగిన ఇరవై ముప్పై నిమిషాలకే కండ చావడం మొదలవుతుందట. చర్మం తెగితే అతుక్కుంటుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. గుండె కండ చచ్చిన చోట మాత్రం మచ్చే మిగులుతుంది. ఇప్పుడు ఆయన తోటకు పోవాలంటే గట్టు మీద రెండుసార్లు కూర్చోవాలి. రెండు దిండ్లు ఎత్తు లేకుండా పడుకోలేడు. అప్పుడాయనకు 48 ఏళ్ళు. మీ తాత పోయింది 52కు. నీకు 33.

ఒక్క ఈసీజీ బాగుందని చెప్పి పంపించి ఉంటే అది చాలదు. మొదటి ఈసీజీలో తెలియకపోవచ్చు, కాసేపాగి మళ్ళీ తీయాలి. ట్రోపోనిన్ అని రక్త పరీక్ష ఉంటుంది. గుండె కండ దెబ్బతింటే ఆ ప్రొటీన్ రక్తంలోకి కారుతుంది, బయటపడటానికి కొన్ని గంటలు పడుతుంది. అది చేశారా? బీపీ ఎంత ఉందన్నారు? జిమ్‌కు పోతున్నావని లచ్చక్క చెప్పింది. చేతి కండ మందమైతే మంచిదే. బీపీకి ఎదురు తోసితోసి గుండె గోడ మందమైతే మాత్రం మంచిది కాదు, గట్టిపడి సరిగ్గా వదులు కాదు, దానిలోకి రక్తం సరిగ్గా నిండదు. బరువులు ఎత్తే ముందు బీపీ చూపించుకో. రోజూ అరగంట గట్టిగా నడువు. సిగరెట్ సంగతి నేను అడగను, ఉంటే మాత్రం ఈ రోజే మానెయ్. ఉప్పు రోజంతటికీ ఒక చిన్న చెంచా దాటొద్దు. మీ అమ్మ పంపిన చింతకాయ తొక్కు రోజూ వేసుకోకు, వారానికి ఒకరోజు చాలు. జొన్న పిండి పంపిస్తా, రొట్టె చేయడం రాకపోతే గట్క అయినా వండుకో. పన్నెండు లోపల పడుకో.

ఇదంతా నీకు తెలిసిందేనని తెలుసు. మళ్ళీ ఛాతీలో బరువు గానీ, చెమట గానీ, దవడ లాగడం గానీ ఉంటే గ్యాస్ అనుకొని పడుకోకు. 108కి చెయ్, వెంటనే నాకు చెయ్. రాత్రి ఎన్నిగంటలైనా చెయ్, ఫోన్ దిండు కిందే పెట్టుకుంటున్నా.

ఆదివారం పొద్దున బస్సుకు రా. ఈసీజీ కాగితం, రక్త పరీక్ష కాగితాలు అన్నీ తీసుకురా, సోమవారం నల్లగొండ పోయి గుండె డాక్టరుకు చూపిద్దాం. మీ అమ్మకు బత్తాయిలు తెంపడానికి వస్తున్నావని చెప్తా. స్వెటర్ వేసుకొని రా, తెల్లవారుజామున చలి ఉంటుంది.

మీ నాయన