విద్యుత్ పొదుపు ఖాతా: జమా ఖర్చుల వివరణ

పర్లాకిమిడిలోని మన సంఘ భవనంలో కరెంటు ఖర్చు తగ్గించేందుకు గత జనవరిలో విడిగా తెరిచిన ఖాతా వివరాలను ఆగస్టు నెలాఖరు వరకు లెక్కగట్టి సభ్యుల ముందు ఉంచుతున్నాము.

41 కుటుంబాలు తలా 300 చొప్పున ఇచ్చిన చందాలు 12,300 రూపాయలు, మండపం అద్దెల నిధి నుంచి మళ్లించినవి 8,000, ఇద్దరు సభ్యులు వడ్డీ లేకుండా ఇచ్చిన చేబదులు 10,000, పాత ఫ్యాన్లు తుక్కుకు అమ్మగా వచ్చినవి 900. వెరసి జమ 31,200 రూపాయలు.

ఖర్చులో పెద్ద పద్దు ఆరు బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాన్లది, ఒక్కొక్కటి 2,900 చొప్పున 17,400. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు 24కు 6,000, బిగింపు కూలి 2,400, నీళ్ల మోటారు ఫుట్ వాల్వుకు (పైపు అడుగున నీరు వెనక్కి జారకుండా ఆపే కవాటం) 650, ఆటో బాడుగ, చిల్లర ఖర్చులు 350, వెరసి 26,800. నిల్వ 4,400. పాతపట్నంలోనూ బరంపురంలోనూ ధరలు విచారించాము గానీ, బాడుగ కలుపుకుంటే ఊళ్లోని దుకాణమే చవకగా తేలింది.

భవనంలోని పదహారు ఫ్యాన్లూ ఎందుకు మార్చలేదని పలువురు అడిగారు. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు, కొత్తది 30 వాట్లు తీసుకుంటుంది. పఠన మందిరంలో, ట్యూషన్ గదిలో ఫ్యాన్లు ఏటా దాదాపు 3,000 గంటలు తిరుగుతాయి కనుక ఒక్కోదానిపై 135 యూనిట్లు, అంటే మనకు పడుతున్న సగటు ధర 7 రూపాయల లెక్కన 945 రూపాయలు మిగిలి, మూడేళ్లు దాటగానే పెట్టుబడి తిరిగి వస్తుంది. మండపంలోని పది ఫ్యాన్లు ఏడాదికి నలభై రోజులు, రోజుకు పన్నెండు గంటలు తిరిగినా మిగిలేది 151 రూపాయలే. అసలు రాబట్టడానికి పందొమ్మిదేళ్లు పడుతుంది, అన్నాళ్లు ఆ ఫ్యానే ఉండకపోవచ్చు. ట్యూబుల సంగతి వేరు. చోక్‌తో కలిపి 55 వాట్లు లాగే పాతవాటి స్థానంలో 250 రూపాయల ట్యూబు పెడితే, మండపంలో సైతం రెండేళ్లు దాటగానే ఖరీదు రాబడుతుంది కనుక అన్నీ మార్చాము. మోటారు మార్చాలన్న సూచనను, లోపం ఫుట్ వాల్వులోనే ఉందని మెకానిక్ తేల్చడంతో విరమించుకున్నాము.

మార్చి నుంచి ఆగస్టు వరకు వచ్చిన బిల్లులను నిరుటి అవే నెలలతో పోల్చగా 610 యూనిట్లు తగ్గాయి. మేము ఆశించినది 750. వేసవి సెలవుల్లో ట్యూషన్ గది మూసి ఉంటుందన్న సంగతి అంచనాలో పట్టించుకోకపోవడం మా పొరపాటే. అలా ఆదా అయిన 4,270 రూపాయల నుంచి 4,000 చేబదులు తీర్చాము, ఇంకా 6,000 బాకీ ఉంది. నిల్వలోని 4,400 మండపంలో ఏ ఫ్యాను కాలిపోతే దాని బదులు కొత్తది కొనడానికి ఉంచాము.

ఒక ఫ్యాను రిమోట్ అప్పుడే కనబడకుండా పోయింది. ఎవరి ఇంటికైనా చేరి ఉంటే దయచేసి అప్పగించగలరు. రసీదులు, బిల్లులు కోశాధికారి వద్ద ఆదివారం ఉదయం చూసుకోవచ్చు.