‘పర్లేదండి’ అంటే ఎంత ఆయాసం?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈమధ్య మీ ఆరోగ్యం పేజీలో ఒక పాఠకుడు, ‘ఆక్సీమీటర్‌లో 95 చూపిస్తోంది, అయినా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, ఇదంతా నా భయమేనా?’ అని అడిగారు. డాక్టర్ గారు క్లుప్తంగా జవాబిచ్చారు. అది చదివాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. మా ఇంట్లో పదకొండేళ్లుగా సీఓపీడీ ఉంది, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు. జబ్బు మావారిది, లెక్కలు నావి.

మా ఇంటి మెట్లు పదహారు. మొదట్లో ఆయన ఆగకుండా ఎక్కేసేవారు. తర్వాత తొమ్మిదో మెట్టు దగ్గర ఆగి, అక్కడున్న కిటికీ గొళ్లెం సరిచేయడం మొదలుపెట్టారు. ఆ గొళ్లేనికి ఏ రోగమూ లేదు. రెండేళ్లు గడిచేసరికి మోకాళ్ల నొప్పులంటూ పడక కిందికి మార్చేశారు. డాబా మీద బట్టలు తేవడం నా పనైంది. ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడి, ‘ఊఁ, నువ్వు చెప్పు’ అని అవతలివాళ్లకు వదిలేయడం అలవాటైంది. ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే మూణ్నెల్లకోసారి ఆసుపత్రికి వెళ్లొస్తున్నాం. ‘ఆయాసం ఎలా ఉందండీ?’ అని డాక్టర్ గారు అడిగేవారు. ‘పర్లేదండి’ అనేవారు ఈయన. వేలికి ఆక్సీమీటర్ క్లిప్పు పెడితే 95. మళ్లీ అవే ఇన్‌హేలర్లు.

ఆయన అబద్ధమాడారని నేననను. ఆయాసం వచ్చే పనులన్నీ ఒక్కొక్కటే మానేశాక ఇంక ఆయాసం ఎక్కడినుంచి వస్తుంది? పైగా మగవాళ్లకు ‘నాకు దమ్ము చాలట్లేదు’ అని పైకి చెప్పుకోవడం అదో నామోషీ.

ఒకసారి ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి దగ్గరికి పంపారు. ఆ పిల్ల ఎలా ఉందని అడగలేదు. ‘అంకుల్, ఈ ఏడాదిలో మీరు మానేసిన పనులేంటి?’ అంది. ఈయన నేల చూపులు చూశారు. ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. ఇంకేం, గొళ్లెం దగ్గర్నుంచీ మొత్తం అప్పజెప్పాను.

అప్పుడొక అట్ట చేతికిచ్చింది. అందులో ఐదే వాక్యాలు. 1950ల్లో చార్ల్స్ ఫ్లెచర్ అనే బ్రిటిష్ డాక్టరు, వేల్స్ బొగ్గు గని కార్మికుల ఊపిరితిత్తులను పరీక్షిస్తున్న రోజుల్లో తయారు చేసినదానికి కొంచెం మార్చిన రూపమట. ఆయాసాన్ని యంత్రంతో కాకుండా, నడకతో కొలిచారు. గట్టిగా శ్రమపడితే తప్ప ఆయాసం రాకపోతే సున్నా. చదును నేల మీద గబగబా నడిచినా, కాస్త ఎత్తు ఎక్కినా వస్తే ఒకటి. తోటి వయసువాళ్లకంటే నెమ్మదిగా నడవాల్సి వస్తున్నా, తన పాటికి తాను నడుస్తూ కూడా ఊపిరి కోసం ఆగాల్సి వస్తున్నా రెండు. వంద మీటర్లకో, కొద్ది నిమిషాలకో ఆగితే మూడు. గడప దాటలేకపోయినా, బట్టలు వేసుకుంటుంటేనో విప్పుకుంటుంటేనో ఆయాసం వచ్చినా నాలుగు. రెండు దాకా వచ్చిందంటేనే లక్షణాలు ఎక్కువున్న రోగి కింద లెక్క.

మావారు ఒకటి అన్నారు. నేను మూడు అన్నాను. తోటి వయసువాళ్లతో నడిస్తే ఎలా ఉంటుందని అడిగితే, ‘నేనెవరితోనూ కలిసి నడవనమ్మా’ అన్నారు. అదే జవాబు అని ఆ అమ్మాయి మూడు వేసింది.

తర్వాత ఇంకో కొలత. సున్నా నుంచి పది వరకు అంకెలు, బోర్గ్ అనే స్వీడన్ సైకాలజిస్టు పేరు మీద ఉన్నది. ‘కుర్చీలో కూర్చున్నారు కదా, ఇప్పుడు మీ ఆయాసం పదికి ఎంత?’ అంటే ఈయన హాయిగా ‘ఎనిమిది’ అన్నారు. ఆ పిల్ల కంగారుగా లేచి నిలబడింది. తీరా చూస్తే, పదికి ఎనిమిదంటే మంచి మార్కులే కదా అని ఈయన ఉద్దేశం! పక్కనున్న మాటలు చదివి వినిపిస్తే (మూడంటే ఓ మాదిరి, ఐదంటే తీవ్రం, ఏడంటే చాలా తీవ్రం) అప్పుడు ఒకటి అన్నారు. ఇలా తిరగేసి చెప్పినవాళ్ల అంకెలు ఎన్ని ఫైళ్లలో ఉన్నాయో అని నాకు ఇప్పటికీ అనుమానం.

ఆ తర్వాత ముప్పై మీటర్ల వరండాలో ఆరు నిమిషాలు అటూ ఇటూ నడిపించింది. 250 మీటర్లు, రెండుసార్లు ఆగారు, ఆఖర్న ఆయాసం పదికి ఆరు అన్నారు. అప్పుడు కూడా క్లిప్పులో అంకె పెద్దగా పడిపోలేదు, 92. నిలబడి, మోకాళ్ల మీద చేతులానించి, చొక్కా పై బొత్తాం కోసం తడుముకుంటున్న మనిషికి 92.

ఎందుకిలా అంటే ఆ అమ్మాయే బొమ్మ గీసి చెప్పింది. క్లిప్పు చూసేది రక్తంలో ఆక్సిజన్ ఎంత నిండిందని మాత్రమే. ఈ జబ్బులో పీల్చిన గాలి పూర్తిగా బయటికి పోదు. వేగంగా నడిస్తే పాత గాలి పోకముందే కొత్త గాలి లాగాలి. నిండిన బస్తాలో ఇంకా కుక్కినట్టు ఛాతీ బిగుసుకుపోతుంది, ఎంత లాగినా గుక్కెడే వస్తుంది. గొట్టంలోకి ఊదే స్పైరోమెట్రీ కూడా ఆయాసాన్ని చెప్పదు. 2002లో జపాన్ పరిశోధకులైతే, ఈ రోగుల్లో ఐదేళ్ల ఆయుష్షును ఊదుడు పరీక్షకన్నా ఆ అట్టలో ఉన్నలాంటి ఆయాసం గ్రేడే బాగా సూచించిందని తేల్చారు. అది విన్నాక ‘పర్లేదండి’ అనే మాట చెవిన పడితే నాకు టెన్షన్ మొదలవుతుంది.

అలాగని ఆ అట్టే సర్వస్వం అని కూడా అనను. అది చాలా మొరటు కొలత. ఎనిమిది వారాలు వ్యాయామాలు చేయించాక మళ్లీ చూస్తే మూడు మూడుగానే ఉంది. ఈయన నీరసపడిపోయారు. కానీ అదే వరండాలో 290 మీటర్లు నడిచారు, ఒక్కసారే ఆగారు, ఆఖర్న నాలుగు అన్నారు. ఈ నడకలో ముప్పై మీటర్లు పెరిగినా మార్పు వచ్చినట్టేనట. అట్ట ఒక్కటే చూసి ఉంటే ఆ కష్టమంతా దండగ అనుకునేవాళ్లం.

మాటల సంగతి కూడా ఉంది. ఈయన ఒకరోజు ‘గాలి చాలట్లేదు’ అంటారు, ఇంకోరోజు ‘ఛాతీ పట్టేసింది’ అంటారు, రాత్రిపూట ‘భయమేస్తోంది’ అంటారు. అన్నిటికీ కలిపి ‘ఆయాసం’ అని ఒక్క ముక్క రాస్తే ఎలా? మూడోదానికి ముఖానికి దగ్గరగా చిన్న ఫ్యాను పెడితే నిమ్మళిస్తారు, క్లిప్పులో అంకె మాత్రం కదలదు.

డాక్టర్లకు నా మనవి ఒకటే. బీపీ రాసినట్టే ప్రతిసారీ ఆ గ్రేడు కూడా చీటీలో రాయండి. పక్కన కూర్చున్న మనిషిని కూడా ఒక మాట అడగండి, వాళ్లు మెట్లు లెక్కపెడుతూ ఉంటారు. మీకు మనవి, ఆ ఐదు వాక్యాలనూ తెలుగులో, కళ్లజోడు లేకపోయినా కనిపించేంత పెద్ద అక్షరాల్లో మీ ఆరోగ్యం పేజీలో వేయండి. కత్తిరించి ఆ కిటికీ గొళ్లెం పక్కన అంటించుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకురాలు