ప్రసవ వేదనకు ఉపశమనం: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

ఉదయగిరి ప్రాంతం నుంచి తొలికాన్పుకు వెళ్లిన మా చెల్లెలు రాత్రంతా మంచం కమ్మీ పట్టుకుని నొప్పులు పడి, తెల్లవారుజామున "ఇక నా వల్ల కాదు, ఆపరేషన్ చేసేయండి" అని వైద్యులను ప్రాధేయపడింది. నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ అనే మార్గం ఒకటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నడుము దగ్గర వెన్నుపాము పొర బయట సన్నని గొట్టం అమర్చి మందు ఇచ్చే ఈ విధానంలోనూ తేడాలున్నాయి. పూర్వం బుపివకైన్ అనే మొద్దుబార్చే మందును 0.25 శాతం గాఢతతో ఇచ్చేవారు. నొప్పి తగ్గేది గాని, కాళ్లు మొద్దుబారి బిడ్డను నెట్టే శక్తి సన్నగిల్లేది. దాన్ని 0.1 శాతానికి తగ్గించి కొద్దిగా ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు కలిపితే ఉపశమనం చాలినంత ఉంటూనే కాళ్లలో కదలిక మిగులుతుంది. బ్రిటన్‌లో జరిగి 2001లో వెలువడిన, ఈ పద్ధతులను పోల్చిన కామెట్ అధ్యయనంలో పాత పద్ధతిలో 35 శాతం మందికి, తక్కువ మోతాదు పద్ధతుల్లో దాదాపు 43 శాతం మందికి పరికరాల సాయం, ఆపరేషన్ లేకుండా సహజ ప్రసవం జరిగింది. ముందుగా వెన్నుపాము పొర లోపలికి కూడా ఒక సూది మందు ఇస్తే ఉపశమనం త్వరగా మొదలవుతుంది, దురద మాత్రం ఎక్కువ.

మన ఆసుపత్రులకు తక్కువ గాఢత మందును విడతలుగా చేత్తో ఇచ్చే పద్ధతే తగినదని నా అభిప్రాయం. దానికి మందును నిరంతరం ఎక్కించే ఖరీదైన పంపు అక్కరలేదు, కాని ప్రతి విడత తర్వాత తల్లి రక్తపోటును, బిడ్డ గుండె చప్పుడును గమనించే శిక్షణ పొందిన మనిషి తప్పనిసరి. కాబట్టి జిల్లాలోని కాన్పుల వార్డులకు రాత్రివేళ కూడా మత్తు వైద్యులను కేటాయించాలనీ, ఈ సదుపాయం గురించి గర్భిణులకు నెలవారీ పరీక్షల్లోనే తెలియజేయాలనీ కోరుతున్నాను.

భవదీయుడు,
నెల్లూరు జిల్లా పౌరుడు