కొండ ఊరి నవలలో చేబదుళ్లు

జయపురం,
కార్తీక మాసం

అమ్మలూ,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ రెండేసి సార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను కాబట్టి అంచుల్లో గీతలుంటాయి, గాభరా పడకు. "కొండల్లో చిన్న ఊరు, మంచి మనుషులు, చివరికి అన్నీ సర్దుకుంటాయి. ఇంతే కదా, మరి జనం ఎందుకు ఎగబడి చదువుతారు?" అని అడిగావు. అది తేలకుండా నాలుగో అధ్యాయం మొదలుపెట్టకపోవడం మంచిపనే.

ప్రశాంతత కోసం అంటారు అందరూ. ప్రశాంతత కావాలంటే దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు, మూడు వందల పేజీలు తిప్పడం ఎందుకు? నాకు తోచేది వేరు. ఆ నవలల్లో పేజీ పేజీకీ చేబదులు నడుస్తుంటుంది. ఒకరు నిచ్చెన అడుగుతారు. ఒకరు అరగంట పిల్లాణ్ణి చూసిపెట్టమంటారు. ఒకరు తాళంచెవి పక్కింట్లో ఇచ్చి ఊరెళ్తారు. వడ్డీ ఉండదు, కాగితం ఉండదు, అయినా ఎవరూ మరిచిపోరు. మీ అపార్ట్‌మెంట్‌లో కరివేపాకు రెబ్బ కావాలన్నా ఫోన్లో ఆర్డరు పెడతారు, పది నిమిషాల్లో గుమ్మంలోకి వస్తుంది, ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. హాయిగానే ఉంటుంది. కాకపోతే వారం రోజులు తలుపు తీయకపోయినా ఎందుకు తీయలేదని అడిగేవాళ్లుండరు. అలా అడిగేవాళ్ల కోసమే ఈ నవలలు కొంటారు.

మైదానంలో చిన్న ఊళ్లు లేవా, కొండే ఎందుకు అనొచ్చు. మైదానంలో సరుకు లేకపోతే పక్క ఊరికి సైకిలు మీద పోయి తెచ్చుకుంటారు. కొండ మీద ఊరికి ఉన్నదొకటే దారి, ఆ దారికి ఘాటీ (మలుపులు తిరిగే కొండ రోడ్డు), ఘాటీ మీద వాన. దారి మూసుకున్న రోజున ఊళ్లో ఉన్నదే సరుకు, ఉన్నవాళ్లే మనుషులు. పడని మనిషి గుమ్మం కూడా తొక్కాల్సి వస్తుంది. అమెరికాలో అపలాచియన్ కొండల మీదా రాకీ పర్వతాల మీదా ఈ తరహా నవలలు అల్లేవాళ్లు ఈ పని మంచు చేత చేయిస్తారు. మంచు పడుతుంది, రోడ్డు మూతపడుతుంది, ఊరంతా ఒక్క హోటల్లో చేరుతుంది. నువ్వు ఆ మంచునే తెచ్చి మన ఒడిశాలోని కోరాపుట్‌లో కురిపించావు. రెండో అధ్యాయం చివర పెన్సిలు ముల్లు విరిగింది అక్కడే.

మన మంచు కురవదు, కమ్ముతుంది. దారి మూసేది మంచు కాదు, బురదా బండరాళ్లూ. ఇక్కడి నుంచి కోరాపుట్‌కి ఎక్కే ఘాటీ ఇరవై కిలోమీటర్ల పైచిలుకే, కానీ ఒక్క మలుపు దగ్గర గట్టు జారిందంటే ఆ ఇరవైకీ అర్థం లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అది మామూలే. అక్టోబరు మీదా నమ్మకం పెట్టుకోకు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ వచ్చింది 2018 అక్టోబరు 11న. ఊరు చిక్కుపడే సన్నివేశం నీకు కావాలంటే దసరా, దీపావళి మధ్య పెట్టుకో, ఎవరూ తప్పు పట్టరు.

రైలు సంగతి. మీ కథానాయిక షిమిలిగూడ స్టేషన్లో దిగి నడుచుకుంటూ సునాబెడ క్వార్టర్స్‌కి వెళ్లిందని రాశావు. షిమిలిగూడ స్టేషన్ ఆంధ్రాలో ఉంది, అరకు రాకముందే. 996 మీటర్ల ఎత్తున ఉన్న బ్రాడ్‌గేజ్ స్టేషన్ అని పేరుపడ్డది అదే. సునాబెడ పక్కనున్నది సెమిలిగూడ ఊరు. ఒక్క అక్షరం తేడాతో ఆ పిల్లని రాష్ట్రం దాటించి నడిపించావు. విశాఖ నుంచి అరకు మీదుగా పోయే కిరండూల్ రైలు లైను వదులుకోకు మాత్రం. యాభైకి పైగా సొరంగాలు, బైలడిలా ఇనుప ఖనిజం మోసే గూడ్సులు దారిస్తే కదిలే ప్యాసింజరు, వానాకాలం కొండచరియ పడితే సగం దారిలో ఆగిపోయే బండి. ఇలాంటి నవలకి అంతకన్నా మంచి గుమ్మం దొరకదు.

ఇప్పుడు చేబదులు ఎలా రాయాలో చూడు. నీ మూడో అధ్యాయంలో ఘాటీ మూసుకుపోతుంది, "ఊరంతా ఒకరికొకరు సాయం చేసుకున్నారు" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నవల ఉండాల్సింది ఆ వాక్యంలోనే. టీకొట్టు ఒక్కటే తీసుకో. చిన్న గ్లాసు 80 మిల్లీలీటర్ల లెక్కన పొద్దుటి నలభై టీలకు 3.2 లీటర్లు కావాలి. సగం పాలు, సగం నీళ్లు అనుకున్నా లీటరున్నర పైన పాలు ఉండాలి. పాల ప్యాకెట్లు కింద ఘాటీ దగ్గర ఆగిపోయాయి. ఆవు ఉన్న ఇల్లు ఒక్కటే, ఆ ఇంటావిడకీ టీకొట్టు ఆయనకీ ఆర్నెల్లుగా మాటల్లేవు. ఆమె అర లీటరు పంపుతుంది, చెంబు పిల్లాడి చేతికిచ్చి, తను రాకుండా. అర లీటరుకి పన్నెండు టీలు. పాల టీ ఎవరికి పోశాడు, నాలి చా (పాలు లేని టీ) ఎవరి ముందు పెట్టాడు, ఎవరు తమ గ్లాసు పక్కవాడి ముందుకి జరిపారు, ఖాళీ చెంబు కడిగి పంపాడా, అందులో గుప్పెడు బెల్లం వేసి పంపాడా? ఇదంతా రాస్తే ఐదు పేజీలు, ఎక్కడా "సాయం" అన్న మాట పడదు. చదివేవాడికి గొంతు పట్టుకునేది ఆ బెల్లం ముక్క దగ్గర.

ఇలాంటివి కొలతతో రాయాలి. సోలెడు చోళ్ల (రాగుల) పిండి అప్పు తీసుకున్నావిడ సోల అంచుకి సమంగా చేత్తో గీసి తీసుకెళ్తుంది. తిరిగిచ్చేటప్పుడు అంచు మీద గోపురంలా పోసి ఇస్తుంది. ఆ పై పిండి మర్యాద. ఇంకొకావిడ సరిగ్గా గీసి ఇస్తే కోపం వచ్చిందని అర్థం. గోపురం మరీ ఎత్తుగా ఉంటే ఇంకేదో అడగబోతోందని. ఒక్క సోల చాలు, రెండిళ్ల మధ్య ఏం నడుస్తోందో చెప్పడానికి. నువ్వు మాత్రం వాళ్ల మనసుల్లోకి దూరి పేరా పేరా విప్పి చెప్పావు.

పని ఎలా చేసుకోవాలంటే: ఒక నోటుబుక్కు తీసుకుని పన్నెండు పేర్లు రాసుకో. పదిహేను దాటితే పాఠకుడు మరిచిపోతాడు, ఎనిమిదికి తగ్గితే ఊరనిపించదు. ఒక్కో పేరు ఎదుట మూడు గళ్లు గీయి: ఇతను ఎవరికి బాకీ, ఎవరు ఇతనికి బాకీ, దేన్ని ఎవరినీ అడగలేడు. మూడో గడిలోనే కథ ఉంటుంది. అడగలేని మనిషి చివరికి నోరు తెరిచి అడిగే చోట నవల పైమెట్టు ఎక్కుతుంది. నీ మూడు అధ్యాయాల్లో అందరూ అడక్కుండానే ఇచ్చేస్తున్నారు, అదీ నవ్వుతూ. ఇచ్చేవాడికి ఏమీ తరగకపోతే చదివేవాడికి ఏమీ అందదు. పాయసంలో పంచదార ఎక్కువైనట్టే, రెండో గరిటెకి వెగటు. పుల్లవిరుపు మాటలుండాలి, చాడీలుండాలి, పక్కింట్లో ఏం కూరో ఆరా తీసే నోళ్లుండాలి. నలుగురికీ తెలిసిపోవడం ఇలాంటి ఊళ్లో ఊపిరాడనివ్వదు కూడా. ఆ ఇరుకు రాయకపోతే ఆ ఆప్యాయత పోస్టరులా ఉంటుంది.

ఇంకో పొరపాటు చుట్టపుచూపు. ప్రతి అధ్యాయం కొండల వర్ణనతో మొదలుపెట్టావు. కొండ మీద ఉండేవాళ్లు కొండని చూడరు, ఆకాశాన్ని చూస్తారు, బట్టలు ఆరతాయా లేదా అని. కొండ ఏదైనా పని చేసినప్పుడే దాని పేరెత్తు. శ్రావణంలో ఉప్పు నీరవడం, అగ్గిపెట్టె మెత్తబడటం, అప్పడం వేయించిన గంటకే సాగడం, మూత సరిగ్గా పెట్టని ఆవకాయ మీద తెల్ల బూజు, ఇవన్నీ కొండ చేసే పనులే. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి, కాబట్టి కుక్కరు లేకుండా కందిపప్పు కింద ఊరికన్నా ఆలస్యంగా ఉడుకుతుంది. కొత్తగా వచ్చిన కోడలు మొదటి రోజే పప్పు పలుకుగా వడ్డించి మాట పడిందని రాస్తే ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం దేవమాలి 1672 మీటర్లని చెప్పక్కర్లేకుండానే ఎత్తు తెలుస్తుంది.

పంటలూ అంతే. డిసెంబరులో కాఫీ పూలు పూయించావు. కాఫీ పూసేది మార్చి, ఏప్రిల్ జల్లులకి. జల్లు పడిన వారం పది రోజులకి తోటంతా ఒక్కసారి తెల్లబడుతుంది, మల్లె వాసన వేస్తుంది, మూడు నాలుగు రోజుల్లో రాలిపోతుంది. డిసెంబరులో ఉండేవి ఎర్రటి పళ్లు, వాటిని కోసే కూలీలు. కార్తీకంలో పసుపు రంగు కావాలంటే వలిసె చేలు ఉన్నాయి. వాటిలో దిగి ఫొటోలు తీసుకునే కుర్రాళ్లని రైతు తిట్టే తిట్లు కూడా రాయి, ఆ పేజీకి బలం వస్తుంది.

విదేశీ నవలల్లో అమ్మమ్మ వదిలిన ఇల్లో బేకరీయో వారసత్వంగా వచ్చి, పట్నం నుంచి అమ్మాయి తిరిగొస్తుంది. మన కొండల్లో తెలుగువాళ్లకి ఇది అంతగా అతకదు. చాలామంది ఉద్యోగాలకి వచ్చినవాళ్లే. మాచ్‌ఖండ్‌లో కరెంటు పుట్టింది 1955లో, సునాబెడలో ఇంజిన్ల ఫ్యాక్టరీ 1964లో, దమన్‌జోడి టౌన్‌షిప్ ఆ తర్వాత. క్వార్టర్సు కంపెనీది, రిటైరైతే తాళాలు అప్పజెప్పాలి. ముప్పయ్యేళ్లు పెంచిన పనస చెట్టు వెంట రాదు. అందుకని మన కథకి తిరిగి రావడం కన్నా వెళ్లిపోయే తేదీ బాగా పనికొస్తుంది. ఖాళీ చేయడానికి ఎనిమిది నెలలుందనుకో, ఆషాఢంలో కోరాపుట్ జగన్నాథుడి గుడి శబర శ్రీక్షేత్రం రథయాత్రతో మొదలుపెట్టి ఫాల్గుణం దాకా నడుపు. బాకీలన్నీ ఆలోగా తీరాలి. కొన్ని తీరవు. తీరనివాటి కోసమే చివరి రెండు అధ్యాయాలు.

ఆదివాసీల గురించి రాసింది పూర్తిగా మార్చు. నీ కథలో వాళ్లు సంతలో నవ్వుతారు, ధింసా ఆడతారు, ఒక ముసలాయన సామెత చెప్పి వెళ్లిపోతాడు. వాళ్లకీ నోటుబుక్కులో మూడేసి గళ్లు కావాలి. చాటికోన బుధవారం సంతకి నియమగిరి కొండల నుంచి దిగే డొంగ్రియా కొంధులు పనసా అనాసా అమ్ముకుని ఇంటికి కావలసింది కొనుక్కుపోతారు. వాళ్లకీ బేరం ఉంది, తొందర ఉంది, నచ్చని షావుకారు ఉన్నాడు. గదబ తెగ అమ్మాయి ఇంట్లో తమ భాష గుతోబ్ మాట్లాడొచ్చు, సంతలో అందరికీ వాడుకైన దేశియా మాట్లాడుతుంది, మన కొట్టులో తెలుగు ముక్కలు వేస్తుంది. మూడు భాషలొచ్చిన ఆ పిల్ల చేత నువ్వు ముద్దు ముద్దు తెలుగు పలికించావు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే గిడుగు రామమూర్తి గారు సవరలతో మాట్లాడాలని సవర నేర్చుకుని నిఘంటువు దాకా వెళ్లారు. నీకు అంత అక్కర్లేదు, ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడతారో ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. అన్నట్టు, వానలో తలకి పెట్టుకునే ఆకుల గిడుగుని నువ్వు "గొడుగు టోపీ" అన్నావు. మంచి మాట చేతిలో ఉండగా ఎందుకా తిప్పలు?

గని కంపెనీ విలన్‌ని తీసెయ్. పండగ రోజు ఊరంతా పాట పాడగానే కంపెనీ వెనక్కి పోయిందని ముగిస్తానన్నావు. నియమగిరి కొండల్లో బాక్సైట్ గని ఆగడానికి 2013 ఏప్రిల్లో సుప్రీంకోర్టు తీర్పు కావాల్సి వచ్చింది. ఆ తర్వాత రాయగడ వైపు ఏడు, కలహండి వైపు ఐదు, మొత్తం పన్నెండు పల్లె సభలు కూర్చుని ఒక్కొక్కటీ వద్దని చెప్పాయి. దాన్ని ఒక పాటతో సరిపెడితే అక్కడివాళ్ల కష్టాన్ని చిన్నబుచ్చినట్టు. ఈ తరహా నవలకి చేతికందే కష్టం కావాలి: బడి పైకప్పు, రద్దయిన సాయంత్రం బస్సు, మూతపడబోయే పోస్టాఫీసు. పోస్టాఫీసు బాగుంది, అదే ఉంచు. దాన్ని నిలబెట్టేవాళ్లు మాత్రం మొదటి నాలుగు అధ్యాయాల్లో పాఠకుడికి పరిచయమైనవాళ్లే అయ్యుండాలి. పదో అధ్యాయంలో అమెరికా నుంచి డబ్బున్న బావగారు దిగితే పుస్తకం గోడకేసి కొడతారు.

ఈ నవల సుఖాంతమని అట్ట చూడగానే తెలిసిపోతుంది. కాబట్టి ఏమవుతుందో అన్న ఆత్రం నీకు అండగా ఉండదు. అది లేని చోట పాఠకుడి కళ్లు చిన్న విషయాల మీద పడతాయి, బస్సు ఎన్నింటికి, పాలు ఎన్ని అని. అందుకే ఇంత గీకాను.

పొడుగు గురించి అడిగావు. యాభై వేల మాటలు చాలు, ఇరవై అధ్యాయాలు, ఒక్కోటి రెండున్నర వేలు. ప్రతి అధ్యాయంలో ఒక పాత బాకీ తీరాలి, ఒక కొత్తది పుట్టాలి.

నాలుగోది రాసే ముందు ఊరి మ్యాపు గీసి పంపు. కిలోమీటర్లు వద్దు, నిమిషాలు వేయి, దిగుడుకి ఒకటి, ఎక్కుడుకి ఒకటి. బస్టాండు నుంచి పోస్టాఫీసుకి ఆరు నిమిషాలైతే తిరిగి రావడానికి తొమ్మిది పడుతుంది, పెన్షన్ తీసుకునే ముసలివాళ్లకి పదిహేను. నువ్వు పోస్టాఫీసుని మిట్ట మీద పెట్టావో పల్లంలో పెట్టావో మూడు అధ్యాయాలు చదివినా నాకు అంతు చిక్కలేదు.

అమ్మ