మా షాపులో కొన్న నాలుగు పోర్టుల కార్డుల గురించి

పాత డెస్క్‌టాప్‌ను ఇంటి రౌటర్‌గా మార్చుకుంటామని వచ్చినవాళ్లకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆరు సెకండ్‌హ్యాండ్ నెట్‌వర్క్ కార్డులు (కంప్యూటర్‌కు నెట్ కేబుళ్లు పెట్టే పోర్టులు ఇచ్చేవి) అమ్మాను. ఇంటెల్ కంపెనీ ఐ350 మోడల్, ఒరిజినల్ అని నా నోటితో చెప్పి ఇచ్చాను. అవి ఒరిజినల్ కావు. నాకు అమ్మిన వ్యాపారిని నమ్మి, సరిగ్గా చూసుకోకపోవడం నా తప్పే.

ఏప్రిల్‌లో చిన్నచౌకు నుంచి ఒక కస్టమర్ వచ్చి, "అన్నా, పొద్దున బాగానే ఉంటాది, మధ్యాన్నం మూడయ్యేసరికి రెండు పోర్టులు పోతాండాయి" అన్నాడు. కడప ఎండ సంగతి తెలుసు కదా, ముందు వేడి వల్లేమో అనుకున్నా. ఫ్యాన్ పెట్టినా అంతే. కార్డు పీకి టేబుల్ మీద, పక్కనే నా సొంత రౌటర్‌లోని కార్డు పెట్టి చూశాను. నా దాంట్లో పోర్టుల వెనక ఉన్న నల్ల డబ్బాల మీద తయారీ కంపెనీ పేరు అచ్చయి ఉంది. అతని దాంట్లో ఏ పేరూ లేదు. స్టిక్కర్ మీదున్న మ్యాక్ అడ్రస్ (ప్రతి పోర్టుకూ విడిగా ఉండే గుర్తింపు నంబర్) ఒకటి, సిస్టమ్‌లో కనిపించేది ఇంకొకటి. అతని కంప్యూటర్‌లోనే నా కార్డు పెట్టి నాలుగు రోజులు నడిపితే ఒక్కసారి కూడా లైన్ పోలేదు. సిస్టమ్ మాత్రం రెండింటినీ ఐ350 అనే చూపించింది. నేను మోసపోయింది అక్కడే.

ఆ ఆరుగురూ కార్డు తెచ్చివ్వండి. డబ్బు కావాలంటే మొత్తం ఇస్తాను, కార్డు కావాలంటే వేరేది ఇస్తాను. బిల్లు లేకపోయినా పర్వాలేదు.

ఇకమీదట డెల్, హెచ్‌పీ సర్వర్లలోంచి తీసినవే తెస్తాను. వాటి మీద ఆ కంపెనీ పార్ట్ నంబర్ ఉంటుంది, మీరే నెట్‌లో కొట్టి చూసుకోవచ్చు. నాలుగు పోర్టులకూ కేబుళ్లు పెట్టి ఒక రోజంతా డేటా పంపి చూశాకే అమ్ముతాను. ధర 1,800 రూపాయల నుంచి 2,600కు పెరుగుతుంది. తక్కువలో రియల్‌టెక్ అనే వేరే కంపెనీ చిప్ ఉన్న కార్డులు దొరుకుతాయి కదా అని అడుగుతున్నారు. పీఎఫ్‌సెన్స్ (కంప్యూటర్‌ను రౌటర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) వేసుకునేవాళ్లకు నేను వాటిని ఇవ్వను. అది నడిచేది ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద, అందులో రియల్‌టెక్ కంటే ఇంటెల్ కార్డులు సాఫీగా పనిచేస్తాయి.

కొనేముందు మీ మదర్‌బోర్డు ఫోటో తీసుకురండి. ఈ కార్డుకు మదర్‌బోర్డు మీద ఎక్స్4 సైజు పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ (కార్డు గుచ్చే గాడి) కావాలి, గ్రాఫిక్స్ కార్డు పెట్టే పొడుగు స్లాట్‌లోనూ కూర్చుంటుంది. చిన్న క్యాబినెట్ అయితే పొట్టి బ్రాకెట్ (కార్డును క్యాబినెట్‌కు బిగించే రేకు) అడగండి, విడిగా డబ్బు తీసుకోను.

ఆరుగురిలో నలుగురితో ఫోన్లో మాట్లాడాను. మిగతా ఇద్దరి నంబర్లు రాసుకోలేదు. ఒకరు ప్రొద్దుటూరు నుంచి బండి మీద వచ్చారు, ఇంకొకరు తన చెల్లెలి చదువు కోసమని కొన్నారు. వాళ్లెవరో తెలిస్తే దయచేసి ఈ సంగతి చెప్పండి.