పదకొండుకు ముందు పదో వచనం

సంపాదకులకు,

డిసెంబరు 31 రాత్రి చర్చి ఆరాధనల్లో కొత్త ఏడాదికని పంచే వాగ్దాన కార్డుల మీద బైబిలులోని యిర్మీయా 29:11 తరచూ కనిపిస్తుంది. దేవుని ఉద్దేశాలు మేలుకేగాని హానికి కావనే మాట. దాని పైనున్న పదో వచనాన్ని అచ్చు వేయడం మాత్రం అరుదు. బబులోనులో 70 ఏళ్లు నిండాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని అందులో ఉంది. ఇది బబులోనుకు చెరగా వెళ్లిన యూదులకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం. అంటే అది విన్న పెద్దల్లో చాలామందికి యెరూషలేమును మళ్లీ చూసే ఆశే లేదు. హనన్యా అనే అబద్ధ ప్రవక్త అయితే రెండేళ్లు చాలన్నాడు (28:3). జనానికి నచ్చే జోస్యం అప్పుడూ ఇప్పుడూ అదే.

మరి కనిపెట్టుకుని ఉన్నన్నాళ్లూ ఏం చేయాలి? 5 నుంచి 7 వచనాలు చూడండి: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, ఏ పట్టణానికి చెరగా వెళ్లారో దాని క్షేమం కోసం ప్రార్థించండి. ఉపవాసాలుంటూ ఉద్యోగానికి దరఖాస్తే పెట్టకపోవడం, స్వస్థత కలిగిందని బీపీ, షుగరు మాత్రలు ఆపేయడం ఈ ఉత్తరానికి పూర్తిగా విరుద్ధం. మూడు నెలల్లో కార్యం జరుగుతుందని గడువు చెప్పే బోధకుల మాటను 28వ అధ్యాయంతో సరిచూసుకోవాలి. సంఘ కాపరులు కార్డు మీద రెండు వచనాలూ వేయించాలి. చోటు చాలకపోతే అక్షరాలు చిన్నవి చేయించండి.

– ఒక పాఠకుడు, గుంటూరు